ఎంగిలి చెంబు

మా గుడిలో ఈ మధ్య చిన్న చిన్న గాజు గ్లాసులు కొన్నారు. ప్రభువు బల్ల రోజున ఒక్కొక్కరికి ఒక్కొక్క గ్లాసు. వేలెడంత గ్లాసులో గుటకెడు ద్రాక్షరసం. ఒకరి నోరు తగిలింది ఇంకొకరికి తగలదు. ఆరోగ్యానికి ఇదే మంచిదని పాస్టరు చెప్పాడు. నిజమే, మంచిదే. కానీ పళ్లెంలోంచి నా గ్లాసు నేను తీసుకుంటుంటే మా పెద్దత్త గొంతు చెవి పక్కనే వినిపించింది.

"ఏమ్మే, మీరంతా ఒక ఇంటోళ్లా, పూటకూళ్లింటికి వచ్చినోళ్లా?"

ఆమె పోయి చాలా ఏళ్లయింది. మా అత్తగారికి అక్క వరస. నాకు పెద్దత్త. పేరు పెట్టి పిలిచిన వాళ్లను నేను చూడలేదు కాబట్టి నేనూ ఇక్కడ పేరు రాయను.

ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డు మీద బస్సు దిగి, చేల గట్ల మీద నడిస్తే మా పాళెం వచ్చేది. చుట్టూ ఊరి మోతుబరి పొలాలే. బయటికి పోవాలన్నా లోపలికి రావాలన్నా ఆయన గట్టు తొక్కాల్సిందే. పాళెం అంతా ఏసుప్రభువును నమ్ముకున్న వాళ్లమే. ఒకటే బావి, ఒకటే దారి, ఒకటే ప్రార్థన ఇల్లు. ఎవరి మీదైనా కోపం వస్తే ఆ మనిషికి ఎదురుపడకుండా ఒక పూట గడపడానికి కూడా వీలుండేది కాదు.

పెద్దత్త పొట్టి మనిషి. నడుస్తుంటే మడమలు గట్టిగా నేలకు తగిలేవి, వెనక నుంచి వస్తున్నా ఆమే అని తెలిసిపోయేది. బొడ్లో పొగాకు కాడ ఉండేది. ప్రార్థనకు ముందు దాన్ని తీసి గోడ మీద పెట్టేది, ఆమేన్ అన్నాక మళ్లీ తీసుకునేది. దేవుణ్ణి "నాయనా" అని పిలిచేది, ఎదురుగా మంచం మీద కూర్చున్న పెద్దమనిషితో మాట్లాడినట్టు. మన తప్పులన్నీ మన ఎదుటే ఆయనకు చెప్పేది.

"నాయనా, ఈ పిల్ల పనికి ఒళ్లు వంచదు, నోరు మాత్రం చేనంత ఉండాది. దాని నోరు కాస్త కట్టు. దాని మొగుడికీ చెప్పు, ఊరికే చెయ్యెత్తేది మానుకోమని."

ఆ పిల్లా మొగుడూ పక్కనే మోకాళ్ల మీద ఉండేవాళ్లు. నవ్వు వచ్చినా నవ్వేందుకు లేదు. ఆమె ఒక కన్ను తెరిచి చూస్తూ ఉండేది.

పాస్టరయ్య ఆత్మకూరులో ఉండేవాడు. చాలా పల్లెలు తిరగాలి కాబట్టి మా దగ్గరికి ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు. వచ్చినప్పుడు ఆదివారం బల్ల. ఎండు ద్రాక్ష నానేసి పిసికిన రసం, ఒక గిన్నె. ఆ ఒక్క గిన్నె అందరి నోళ్ల మీదుగా పోవాలి. ముందురోజు శనివారం మధ్యాహ్నం సమాధాన కూటం పెట్టేవాళ్లు. ఎవరికైనా ఎవరితోనైనా మాటలు లేకపోతే అక్కడ లేచి చెప్పుకుని కలిసిపోవాలి. కలవకుండా బల్లకు రాకూడదు. ఇది అన్నిచోట్లా ఉన్నదే. మా పాళెంలో మాత్రం పెద్దత్త దీనికి రెండు సంగతులు చేర్చింది. ఒకటి, ఏ ఇద్దరు కలవకపోయినా ఆ ఇద్దరికే కాదు, ఎవరికీ బల్ల లేదు. ఒకసారి ఇద్దరు అన్నదమ్ములు మొండికేస్తే, వచ్చిన పాస్టరయ్యను వచ్చిన దారినే పంపించింది. రెండోది చెంబు.

కలిసిపోయామని నోటితో అంటే ఆమె ఒప్పుకునేది కాదు. ఇత్తడి చెంబు నిండా నీళ్లు తెచ్చేది. ఒకరు అంచుకు నోరు పెట్టి సగం తాగాలి. మిగతా సగం రెండోవాళ్లు తాగాలి, అదే అంచున నోరు పెట్టి. ఎత్తి పోసుకోవడం లేదు. ఎంగిలి అంటే మనకు ఎంత పట్టింపో చెప్పనక్కర్లేదు. కన్నబిడ్డ ఎంగిలి తింటాము, బయటివాళ్లది ఎట్లా తాగుతాము? అదే అడిగితే పెద్దత్త చెప్పే మాట ఒకటే.

"పక్కింటిదాని ఎంగిలే గొంతు దిగకపోతే, రేపు ఆయన రక్తం ఎట్టా దిగుతాది?"

నేను కాపురానికి వచ్చిన ఏడే బావి చేద దగ్గర మా ఆడబిడ్డకూ నాకూ మాటలు పెరిగాయి. ఆమె నన్ను అంది, నేను ఆమె పుట్టింటినే అన్నాను. అది నా అత్తిల్లే అని అన్నాక గుర్తొచ్చింది. శనివారం పెద్దత్త మా ఇద్దరినీ చెంబుకు అటూ ఇటూ కూర్చోబెట్టింది. ఆడబిడ్డ తాగి ఇచ్చింది. అంచు మీద ఆమె వక్కాకు ఎరుపు కనిపిస్తోంది. నేను తల తిప్పుకున్నాను.

"ఏమ్మే, చూస్తే పోతాదా? తాగితే పోతాది."

"దేవుణ్ణి ప్రేమిస్తున్నాను గదా పెద్దత్తా, ఈమె ఎంగిలి ఎందుకు?" అన్నాను ఏడుపు గొంతుతో.

"దేవుణ్ణి ప్రేమించేదానికి ఏం కష్టమే? ఆయన కోడి మన దొడ్లోకి రాదు."

తాగాను. ఎవరో నవ్వారు, ఆడబిడ్డ నవ్వింది, నాకూ నవ్వొచ్చింది. ఆ కోడి మాట లేఖనంలోదే అని నేను చాలాకాలం అనుకున్నాను. తర్వాత ఎప్పుడో, నలభై దాటాక, అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చినప్పుడు దాని కోసం వెతికాను. సహోదరుణ్ణి ప్రేమించనివాడి సంగతి ఉంది. కోడి లేదు. అది పెద్దత్తదే.

తెల్లదొరలు పోయిన మరుసటి ఏడు వానలు లేవు. సజ్జ మొలిచి మాడిపోయింది. ఊళ్లో పోలేరమ్మ కొలుపు చేయాలన్నారు. కొలుపంటే తప్పెట్లు, తప్పెట్లంటే మా పాళెం మగవాళ్లు. తాతల నాటి నుంచీ అంతే. కానీ ఆ ఏడు మావాళ్లు ప్రార్థన ఇంట్లో లేచి, ఇకమీదట కొలుపుకు తప్పెట కొట్టము అని ఒకరికొకరు మాటిచ్చుకున్నారు. అందరికంటే ముందు లేచింది పెద్దత్త కొడుకు. ఒక్కడే కొడుకు. తప్పెట వాయించడంలో చుట్టుపక్కల దుత్తలూరు దాకా పేరున్న చెయ్యి అతనిది.

మోతుబరి మనిషి పాళెం మొదట్లో నిలబడి కబురు చెప్పి పోయాడు. "తప్పెట కొట్టనోళ్లు మా గట్టు తొక్కబాకండి. మీ ప్రభువునే వచ్చి మీకు దారి వేయమనండి."

గట్టు తొక్కకపోతే పని లేదు, మేకలకు మేత లేదు, రోడ్డు కూడా లేదు. ఇళ్ల మధ్య కూర్చుని ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. కొలుపు రోజు పొద్దున్నే పాలేర్లు కర్రలతో వచ్చారు. మగవాళ్లు దొరికిన చోట దాక్కున్నారు. దాక్కోలేకపోయింది రాహేలు మొగుడొక్కడే. అతనికి ఉబ్బసం, పది అడుగులు పరిగెత్తలేడు. అతని మెడలో తప్పెట వేసి లాక్కుపోతుంటే ఊపిరి అందక నోరు తెరిచి నేల మీద కూలబడ్డాడు.

రాహేలు పెద్దత్తకు పక్కిల్లు. రెండిళ్లకూ నడుమ ఒకటే మట్టిగోడ. వరసకు చెల్లెలు, చిన్నప్పటి నుంచీ ఒకే సాలులో కలుపు తీసిన మనిషి. ఆమె బయటికి వచ్చింది. "ఆయన్ను వదిలేయండి నాయనా, చచ్చిపోతాడు. వాయించేవోడు ఆడ ఉండాడు" అని చెయ్యెత్తి గడ్డివామి వైపు చూపించింది.

ఆ చెయ్యి ఎత్తడం పెద్దత్త తన గడపలో నిలబడి చూసింది. ఆమె వెనకాలే ఉన్నాను కాబట్టి నేనూ చూశాను.

కొడుకును గడ్డివామిలోంచి లాగి తప్పెట తగిలించి ఊరంతా తిప్పారు. అతను వాయించాడు. సాయంత్రం ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తల్లి గంజి పెడితే తాగలేదు.

"మాటిచ్చేటప్పుడు అందరికన్నా ముందు లేచినోణ్ణి నేనే గదమ్మా. ఇంక యా మొగం పెట్టుకోని ప్రార్థనింట్లోకి వచ్చేది?"

"నీతోపాటు నేనూ నిలబడతాను రా."

"నువ్వు నిలబడితే నా చేతులు వాయించలేదని అయిపోతాదా?"

ఆ వారంలోనే మర్రిపాడు దాకా నడిచిపోయి బద్వేలు వైపు పోయే బొగ్గుల లారీ ఎక్కాడని ఎవరో చెప్పారు. అంతే. తర్వాత అతని సంగతి మాకు తెలియలేదు.

కొలుపు అయిపోయింది, గట్టు మళ్లీ తెరిచారు. వాన మాత్రం రాలేదు. పాస్టరయ్య వచ్చాడు. శనివారం కూటంలో ఎవరూ అడగకముందే రాహేలు లేచింది.

"అయ్యా, నేనే చూపించినాను. నా మొగుడు పోతాడని చూపించినాను. అక్క కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్లు పట్టుకోబాకు" అంది పెద్దత్త. "నా కాళ్లు నాకు కావాల. పనికి పోవాల."

మా అత్తగారే లేచి చెంబులో నీళ్లు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. రాహేలు సగం తాగి, రెండు చేతులతో చెంబు చాచింది. పెద్దత్త అందుకుంది. లోపలికి చూసింది. నోటి దాకా తెచ్చి మళ్లీ కింద పెట్టింది.

"నాకు దప్పిక లేదు."

పాస్టరయ్య చాలా చెప్పాడు. మనమంతా ఒకే తండ్రి బిడ్డలమన్నాడు. ఆయన చెప్పినదంతా ఆమె మాకు ఎన్నోసార్లు చెప్పిందే. తల వంచుకుని విన్నది. ఆదివారం బల్ల లేదు. నానేసిన ద్రాక్షలు పిల్లలకు పంచి ఆయన బస్సెక్కాడు.

తర్వాతిసారి కూడా అంతే. మూడోసారికి జనం గొణగడం మొదలుపెట్టారు. మంచం పట్టిన ముసలివాళ్లు బల్ల తీసుకోకుండానే పోతామేమో అని దిగులు పడ్డారు. బావి దగ్గర ఆమె రాగానే మాటలు ఆగిపోయేవి. మా అత్తగారు ఒకరోజు మొహం మీదే అడిగింది.

"మాకందరికీ బలవంతాన తాపినావే అక్కా. ఇప్పుడేమొచ్చింది నీకు?"

"మీకు తాపేటప్పుడు నాకేం తెలుసు, ఆ చెంబు ఇంత బరువుంటాదని."

కూటంలో తనే ఒక దారి చెప్పింది. "అయ్యా, నా పేరు సంఘంలోంచి తీసేయండి. నేను బయటుంటాను. మీరంతా బల్ల తీసుకోండి."

పాస్టరయ్య ఆలోచనలో పడ్డాడు. కొందరు అదే నయమన్నట్టు చూశారు. రాహేలు మాత్రం కూర్చున్న చోటు నుంచే అంది, "అక్క లేని బల్ల నాకొద్దు. ఆమెను తీసేస్తే నన్నూ తీసేయండి."

పెద్దత్త ఆమె వైపు తిరిగి చూసింది. కొలుపు తర్వాత ఆమె ముఖంలోకి నేరుగా చూడటం అదే మొదలు. "చూసినారా" అంది అందరితో. "ఇది నన్ను బయటికి కూడా పోనీదు."

ఒకరోజు మూట కట్టుకుని వింజమూరు పక్కన ఉన్న అక్క కూతురి ఇంటికి పోతానని బయలుదేరింది. రోడ్డు దాకా నేను మూట మోశాను. రోడ్డు పక్కన రాయి మీద కూర్చుంది. బస్సొచ్చింది, ఆగింది, కండక్టరు కేకేశాడు. ఆమె లేవలేదు. బస్సు పోయాక దుమ్ము అణిగేదాకా చూసి మూట నా నెత్తిన పెట్టింది.

"పోలేదేంది పెద్దత్తా?"

"ఆడా సంఘం ఉండాది. ఆడా ఒక రాహేలు ఉంటాది. పద."

ఆ ఎండాకాలంలో రాహేలు మొగుడికి ఉబ్బసం ముదిరింది. అతన్ని వదిలి రాహేలు పనికి పోలేకపోయింది. పని లేకపోతే పొయ్యి వెలగదు. గోడ అవతల నుంచి దగ్గు పొద్దంతా వినిపించేది. పెద్దత్త ఆ గోడకు వీపు ఆనించి పొగాకు నములుతూ కూర్చునేది. మిగతా మూడు పక్కలా తాటాకు తడికలే, ఇంకో గోడ ఆమెకు లేదు. కొన్నాళ్లకు ఒక పొద్దున ముంతెడు జొన్న అంబలి తీసుకుపోయి రాహేలు గడప మీద పెట్టి, పిలవకుండా తిరిగొచ్చింది. మర్నాడూ అంతే. ఖాళీ ముంత కడిగి రాహేలు ఈ గడప మీద పెట్టేది. ఇద్దరికీ మాటల్లేవు.

నేను ఉండబట్టలేక అడిగాను. "కోపం పోయిందా పెద్దత్తా?"

"పోలా."

"మరి అంబలి?"

"కోపమున్నోళ్లు అంబలి కాయగూడదని యాడన్నా రాసుండాదా?"

 ఆమే మళ్లీ అంది. "ప్రేమించమన్నాడు. వెతికితే నా కాడ ప్రేమ లేదు. అంబలి ఉండాది. ఆయనకు చాలితే చాలనీ."

తర్వాతి శనివారం కూటంలో ఆమె తనంతట తనే లేచింది. పొగాకు కాడ గోడ మీద పెట్టడం మరిచిపోయి చేతిలోనే పట్టుకుని ఉంది.

"అయ్యా, లోపల ప్రేమ పుట్టలేదు. పుట్టిందని తాగితే అబద్ధమాడినట్టు. తాగకపోతే ఆయన మాట మీరినట్టు. ఇటు పోయేదానికి లేదు, అటు పోయేదానికి లేదు. మీరు చదువుకున్నోళ్లు, చెప్పండి."

పాస్టరయ్య పుస్తకం తెరిచాడు. ఏదో చదవబోయి ఆగాడు. ఆయన మంచి మనిషి, ఊరికే మాట పడేసే రకం కాదు. ఈలోగా రాహేలే లేచి బయటికి పోయి, బావి దగ్గర చెంబు ముంచుకొచ్చింది. సగం తాగింది.

"పుట్టకపోయినా తాగు అక్కా. పుట్టిందని నేనెవురికీ చెప్పను."

పెద్దత్త అందుకుంది. కళ్లు మూసుకుని, కషాయం తాగినట్టు, ఆపకుండా తాగింది. చివర ఆగి ఊపిరి పీల్చుకుని అడుగున ఉన్నది కూడా తాగింది. చెంబు బోర్లించి అందరికీ చూపించింది. మర్నాడు బల్ల జరిగింది. చాలామంది ఏడ్చారు. ఆమె ఏడవలేదు.

అంతటితో తీరిపోయిందనుకున్నాము. తర్వాతిసారి పాస్టరయ్య వచ్చినప్పుడు, ఎవరికైనా మాటలు లేవా అని అడగ్గానే, ఆమె మళ్లీ లేచింది.

"ఇంకా పుట్టలేదయ్యా."

రాహేలు చెంబు తెచ్చింది. ఇద్దరూ తాగారు. ఆపైన ప్రతిసారీ అదే. కొన్నేళ్లు అట్లా జరిగింది. ఆత్మకూరుకు కొత్త పాస్టరయ్య వచ్చాడు, కుర్రవాడు, నెల్లూరులో చదివినవాడు. "అమ్మా, ఒకసారి సమాధానపడ్డారు కదా, మళ్లీ మళ్లీ చెప్పక్కర్లేదు" అన్నాడు మెల్లగా.

"మీకు అక్కర్లేదేమో అయ్యా. నాకూ దానికీ అక్కర ఉండాది."

రాహేలు మొగుడు పోయాక కూడా ముంత అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఒకరోజు ఈమె పెడితే ఒకరోజు ఆమె పెట్టేది. కలుపుకు పక్కపక్క సాళ్లలోనే పోయేవాళ్లు. రాహేలు మాట్లాడేది, పెద్దత్త ఊ అనేది. ప్రేమగా ఒక మాట అనగా నేను వినలేదు. కానీ ఒకసారి బావి దగ్గర కొత్త కోడలొకతె కోపంలో రాహేలును "గడ్డివామి చూపించిన చెయ్యే గదా నీది" అని ఎత్తిపొడిచింది. నీళ్లు చేదుకుంటున్న పెద్దత్త తాడు వదిలేసి వచ్చింది.

"అది నాకు చేసింది. నీకేమన్నా చేసిందా? నా కడుపులో మంట నాది. దాంట్లో నువ్వు చలి కాగబాకు."

రాహేలు కడవ అక్కడే దించి కూలబడి ఏడ్చింది. పెద్దత్త ఆమె కడవ కూడా నింపి, పలకరించకుండా, తన కడవ ఎత్తుకుని పోయింది.

ఒక ముసురు కాలంలో రాహేలుకు జ్వరం తగిలింది. ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపోదామంటే వాగు పొంగి ఉంది, బండి దాటలేదు. మూడో పొద్దుకు పోయింది. స్నానం చేయించడానికి ఆడవాళ్లం చేరాము. పెద్దత్త వచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే అందరం పక్కకు జరిగాము. ఆమె ఒక్కతే అంతా చేసింది. తల దువ్వింది, జాకెట్టు గుండీలు పెట్టింది, చీర కుచ్చిళ్లు సర్ది కట్టింది. మట్టి ఇచ్చి వచ్చాక తన గడపలో కూర్చుంది. అవతల అలికిడి లేదు, మాట లేదు. మర్నాడు పొద్దున అంబలి కాచి ముంతలో పోసింది. ముంత పట్టుకుని లేచి, మళ్లీ కూర్చుంది.

ఆ తర్వాత వచ్చిన శనివారం కూటంలో కుర్ర పాస్టరయ్య ఎప్పటిలాగే అడిగాడు, ఎవరికైనా ఎవరితోనైనా మాటలు లేవా అని. అందరం ఆమె వైపు చూశాము. ఆమె ఎప్పటిలాగే గోడ పట్టుకుని లేచి నిలబడింది.  

"పుట్టిందో లేదో తెలీడంలేదయ్యా" అంది. "ఇప్పుడెవురితో చూసుకునేది?"

 మాలో ఎవరికీ చెంబు తేవడానికి కాళ్లు రాలేదు. పాస్టరయ్యే అడిగాడు.

"రేపు బల్లకు వస్తారు గదా అమ్మా?"

"వస్తాను. రాకుండా యాడికి పోతాను" అంటూ, పక్కన రాహేలు కూర్చునే చోట చెయ్యి ఆనించి, మెల్లగా కూర్చుంది.